రాణి నోటి వెంట ఒక వాక్యం

మంగళవారం, చిమిండైంగ్

బడులు మూసేశాక మనవరాలు రాణికి ఇంగ్లీషు నేనే చెబుతున్నాను. ప్రొనౌన్లు, ప్రిపొజిషన్లు, కంజంక్షన్లు విడివిడిగా గడగడా అప్పజెప్పేది. కలిపి ఒక్క వాక్యం చెప్పమంటే మాత్రం మళ్ళీ ప్రొనౌన్ల దగ్గరికే వచ్చేది.

ఈ సాయంత్రం వీధంతా గిన్నెలు మోగించాం. ఇక్కడ దెయ్యాలను అలాగే తరుముతారు, ఇప్పుడు గద్దె లాక్కున్న సైన్యాన్ని తరుముతున్నాం. ఒక విదేశీ విలేకరి ఆగి, భయం లేదా అని ఇంగ్లీషులో అడిగాడు. అందరూ నా వైపు చూశారు. జవాబు రాణి చెప్పింది: "వీ ఆర్ అఫ్రెయిడ్ ఆఫ్ దెమ్, బట్ వీ స్టాండ్ విత్ ఈచ్ అదర్." భయమే, కానీ ఒకరికొకరం ఉన్నామని!

"ఏటే, ఇంత నోరు ఎక్కడిదే?"

"నీదే మామ్మా. ఇంట్లో ఇంకెవరికుందేటి?"

ఆ విలేకరి దాని ఫొటో తీశాడేమో, అది సైన్యం కంట పడుతుందేమోనని బెంగగా ఉంది. అయినా రేపటికి దానికి పెద్ద గిన్నె తీసిపెట్టాను.