కాశీలో వదిలిన సొరకాయ

జహీరాబాద్,
11-7-1982

మరదలు భాగీరథికి వదిన బస్వమ్మ ఆశీర్వాదాలు.

ఇక్కడ మేము ముగ్గురం బాగున్నాం. హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను.

ముందు నీ బిడ్డ సంగతి. టీచరు ట్రైనింగుకని హైదరాబాదు పోతూ గిరిజను నా దగ్గర దిగబెట్టినప్పుడు ఏమన్నావో గుర్తుందా? కూరగాయ ముక్క కనబడితే కంచం తోసేస్తుంది, పెరుగన్నం తప్ప ముట్టదు, మీకు చాలా కష్టమవుతుంది వదినా అన్నావు. కన్నతల్లివి గదా అని అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు వచ్చి చూడు. రెండు రొట్టెలు తిని మూడోదానికి చెయ్యి చాపుతోంది. చెంపలు నిండాయి. బడి గౌను బిగుతైందని నిన్ననే కుట్లు విప్పాను.

ఎట్లా తినిపిస్తున్నావు అని మాత్రం అడగకు. అది నాకూ నా పొయ్యికీ మధ్య సంగతి. పిల్ల గురించి ఫికర్ పెట్టుకోకుండా చక్కగా చదువుకో.

ఇట్లు,
పిల్లను నీకంటే బాగా చూసుకుంటున్న నీ వదిన
బస్వమ్మ

తా.క.: చెప్పకపోతే నాకే కడుపు ఉబ్బేట్టుంది. జొన్నపిండిలో సొరకాయ తురిమి, నువ్వులు వేసి పిసుకుతున్నాను. దానికి బీదర్ రొట్టె అని పేరు పెట్టాను. బూరెల్లో గుమ్మడికాయ, పప్పులో మెత్తగా ఉడికిన బీరకాయ. పిల్లకు ఏమీ తెలియదు. మీ అన్న కూడా బీదర్ రొట్టె అడిగి మరీ వేయించుకుంటున్నాడు.


హైదరాబాదు,
15-7-1982

పూజ్యులైన వదినకు మరదలు భాగీరథి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి సంతోషమేసింది, తర్వాత భయమేసింది. గిరిజ తింటున్నందుకు సంతోషం. ఏం తింటున్నదో దానికి తెలియనందుకు భయం.

మా సైకాలజీ సారు నిన్ననే ఈ పాఠం చెప్పారు. తిండి విషయంలో పిల్లలకు అబద్ధం చెప్పకూడదట. ఒకసారి మోసపోయిన పిల్ల జీవితాంతం పెద్దల మాట నమ్మదట. నేను రేపు టీచరునై నలభై మంది పిల్లలకు నిజమే చెప్పమని బోధిస్తూ, నా బిడ్డకు సొరకాయను దొంగతనంగా పెట్టిస్తే ఏం బాగుంటుంది? ఈ ఏడాది గడిస్తే మీ జహీరాబాద్ వైపే కొలువు దొరుకుతుందని ఆశ. అప్పుడు తలెత్తుకుని పాఠం చెప్పాలి కదా వదినా.

దయచేసి గిరిజను దగ్గర కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పండి. నిజం చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. ఇది కూడా మా సారు అన్నదే.

మీ దీవెనలు కోరే
భాగీరథి

తా.క.: సొరకాయ తురుము వేస్తే రొట్టె విరిగిపోదా? పిండి ఎంత వేయాలో రాయండి. ఇక్కడ మెస్సులో పెట్టేదేమిటో మాకు ఎవరూ నిజం చెప్పరు.


జహీరాబాద్,
20-7-1982

మరదలు భాగీరథికి, నీ మాట విని చెడిన వదిన రాసేది.

చెప్పాను. ఆదివారం పొద్దున జడ వేస్తూ అంతా విప్పి చెప్పాను. రొట్టెలో సొరకాయ, బూరెల్లో గుమ్మడికాయ, పప్పులో బీరకాయ. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఇంకేమున్నది అని అడిగింది. ఇంకేం లేదన్నాను. నమ్మలేదు. ఆ పూట నుంచి ఉత్త పెరుగన్నమే. ఆ పెరుగును కూడా వేలితో కెలికి చూసుకుంటోంది. మంచినీళ్ల గ్లాసు వెలుతురుకు పట్టి చూసిగానీ తాగడం లేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. మూడేళ్ల కింద మేమిద్దరం కాశీ పోయి వచ్చాం గదా. కాశీకి పోయినవాళ్లు ఒక కూర, ఒక పండు అక్కడే వదిలి రావాలి, మళ్లీ ఈ జన్మలో ముట్టకూడదు. మీ అన్న గంగలో మూడు మునకలు వేసి వదిలింది సొరకాయనే. నా పెరట్లో పందిరి మీద తీగ చూస్తే విరగ కాస్తోంది. ఏం చేయను? పిల్లకు ఒక పిండి, ఆయనకు ఒక పిండి అని రెండుసార్లు పిసికే ఓపిక లేక ఆయనకూ అదే పెట్టాను. కూరగా పెట్టలేదు, పిండిలో కలిసిపోయింది, పిండికి మొక్కు ఎక్కడిది అని నా మనసుకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మధ్యాహ్నం ఆయన అల్లం దుకాణం నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాక గిరిజ ఎదురుగా వచ్చి నిలబడింది. "మామా, దాంట్ల సొరకాయ ఉన్నది. అబద్ధం చెప్పొద్దని అమ్మ రాసింది," అన్నది. ఆయన మింగలేడు, కక్కలేడు. ముఖం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. చివరికి పెరట్లోకి పోయి పుక్కిలించి వచ్చి, నాకు ఈ ఇంటి తిండి వద్దు, నేను కాశీకి పోతాను అని సంచి సర్దుకున్నాడు. సంచి అరుగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. నాతో మాట లేదు.

నీ సారును ఒకసారి మా ఇంటికి పంపు. భోజనం పెడతాను.

ఇట్లు,
బస్వమ్మ

తా.క.: సొరకాయ వేయలేదని ఒట్టు పెట్టి చేసినా ఇద్దరూ ముట్టడం లేదు. పొయ్యి మీంచి దిగిందంతా నేనే తినాల్సి వస్తోంది. నా గాజులు బిగుతవుతున్నాయి.


హైదరాబాదు,
24-7-1982

పూజ్యులైన వదినకు భాగీరథి నమస్కారాలు.

అన్నయ్య ఇల్లు విడిచి కాశీకి పోవడమేమిటి? ఈ వయసులో సన్యాసమేమిటి? ఒక సొరకాయకు సంసారం వదులుకునేవాళ్లు ఉంటారా? వెంటనే రామగుండం కొలువులో ఉన్న మీ తమ్ముడికి రాశాను. బావ ఇల్లు విడుస్తున్నాడట, ఎట్లాగైనా ఆపమని చెప్పాను.

గిరిజ విషయంలో సారును అడిగాను. పిల్ల చేతనే కూరగాయలు కడిగించి కోయించమన్నారు. తన చేత్తో చేసినది పిల్లలు తప్పకుండా తింటారట. ఒక టానిక్ సీసా కూడా మీ ఊరి బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నాను, బస్టాండులో తీసుకోండి.

ఒక్క మాట వదినా. అది ఇంకా తినకపోతే నాకు దాచకండి. ట్రైనింగు మానేసి వచ్చి నా బిడ్డను నేను తీసుకుపోతాను. కొలువు పోతే పోనీ. రోజూ ఇక్కడ అన్నం ముందు కూర్చుంటే దాని ముఖమే కనబడుతోంది.

మీ
భాగీరథి

తా.క.: టానిక్‌లో ఏముందని గిరిజ అడిగితే సీసా మీద ఉన్నది చదివి వినిపించండి. అందులో సగం పేర్లకు నాకే నోరు తిరగలేదు.


జహీరాబాద్,
6-8-1982

భాగీరథికి బస్వమ్మ రాసేది. నీకు ఉత్తరం రాయాలంటేనే ఇప్పుడు భయమేస్తోంది, రాయకుండానూ ఉండలేను.

నా తమ్ముడు అమర్నాథ్ పంపిన టెలిగ్రాం చేరింది. మా గల్లీలో టెలిగ్రాం వచ్చిందంటే ఎవరో పోయినట్టే లెక్క. తపాలా ఆయన సైకిలు దిగకముందే పక్కింటి చెన్నమ్మ ఏడుపు అందుకుంది. ఆయన విప్పి చదివి, బావ సన్యాసం తీసుకోవద్దు అని ఉందన్నాడు. చెన్నమ్మ ఏడుపు ఆపి మీ అన్న కాళ్లకు మొక్కింది. సాయంత్రానికి అల్లం దుకాణం ముందు భజన వాళ్లు తాళాలతో కూర్చున్నారు. ఎవరో పసిబిడ్డను తెచ్చి ఆయన కాళ్ల మీద వేశారు. ఆయన చేతిలో తక్కెడ ఉంది. ఆ మనిషి కాశీకి పోతానన్నది మళ్లీ మునిగి రావడానికే, అదీ రానూపోనూ టికెట్టు మీద. ఇప్పుడు ఆ మాట ఎవరికి చెప్పినా, స్వామి మాయలో పడ్డాడు అంటున్నారు.

నీ రెండో సలహా కూడా పాటించాను. గిరిజ కూరగాయలు కడుగుతుంది, కోస్తుంది, పొయ్యి దగ్గరే నిలబడుతుంది. వడ్డించేముందు గుమ్మంలో నిలబడి దేంట్లో ఏమున్నదో అందరికీ వినబడేటట్టు చెబుతుంది. అంతా చేసి తాను మాత్రం పెరుగన్నమే తింటుంది. మొన్న అల్లం ధర మాట్లాడ్డానికి ఝరాసంగం నుంచి చంద్రప్ప వచ్చాడు. పెద్ద నిష్ఠాపరుడు, శ్రావణమాసంలో ఎల్లిగడ్డ వాసన కూడా చూడడు. నా పల్లి చట్నీ మూడుసార్లు వేయించుకుని, ఇట్లాంటి చట్నీ తిని ఎన్నేళ్లయిందో అన్నాడు. ఆయనకు ఎల్లిగడ్డ పట్టదని నాకు గుర్తే లేదు. గిరిజ ఆ రోజు బడి నుంచి ఆలస్యంగా వచ్చి, తన వంతు పని తాను చేసింది. చంద్రప్ప ఎంగిలి చెయ్యి గాలిలో పట్టుకుని లేచిపోయాడు. అల్లం బేరం కూడా ఆయనతోపాటే లేచిపోయింది.

నువ్వు మాత్రం తొందరపడకు. పెరుగన్నం మీదనే ఉన్నా పిల్ల చిక్కలేదు. ఎట్లా చిక్కలేదో నాకే అంతుపట్టడం లేదు. జర ఆగు, ఏదో ఒకటి చేస్తాను. ట్రైనింగు మానే మాట మళ్లీ ఎత్తకు.

ఇట్లు,
సగం స్వామి భార్య
బస్వమ్మ

తా.క.: పందిరి మీది సొరకాయలు మాయమవుతున్నాయి. కోతుల పనే అనుకుంటున్నా. తొడిమలు చూస్తే కత్తితో కోసినట్టున్నాయి. ఈ ఊరి కోతులు చాలా హుషారు.


హైదరాబాదు,
10-8-1982

వదినకు నమస్కారాలు.

ఇక ఆగడం నా వల్ల కాదు. ట్రైనింగు మానేస్తున్నానని ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు ఇచ్చాను. ఆవిడ సంతకం పెట్టకుండా, కొన్నాళ్లు ఆలోచించుకోమని సొరుగులో వేసుకున్నారు. ఆలోచించడానికి ఏముంది? అన్నం తినని బిడ్డను దూరంగా పెట్టుకుని పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాయమంటారా?

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వస్తాను. గిరిజ బట్టలు సర్ది ఉంచండి. మీ మీద నాకు కోపం లేదు, మీరు చేయగలిగినదంతా చేశారు. తప్పు నాదే, వదిలి రాకుండా ఉండాల్సింది.

భాగీరథి

తా.క.: కోతులు కత్తి వాడవు వదినా.


జహీరాబాద్,
14-8-1982

భాగీరథీ,

ఈ ఉత్తరం అందగానే ముందు పోయి ఆ దరఖాస్తు వెనక్కు తీసుకో. మిగతాది తర్వాత చదువు.

దాచకుండా చెబుతున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు నేను పొయ్యి ముట్టించలేదు. గిరిజ గౌను ఒక్కటి మడిచి, ఇక మడవలేక పెట్టె మీదనే తల పెట్టుకుని ఏడ్చాను. నాకు పిల్లలు లేరన్న సంగతి అది వచ్చిన ఈ కొద్ది కాలం నేను మరిచిపోయాను. దాన్ని తీసుకుపోతే ఈ ఇంట్లో నేనూ ఆయనా ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకుంటాం?

సాయంత్రం పాలకు తోడు అడుగుదామని మా వెనకింటి నాగవ్వ దగ్గరికి పోయాను. వెనక గుమ్మం తీసి ఉంది. పొయ్యి ముందు నాగవ్వ రొట్టె కాలుస్తోంది. ఆమెకు ఇటు మీ అన్న, అటు గిరిజ. ఇద్దరి చేతుల్లో కంచాలు. కంచాల్లో సొరకాయ రొట్టె. నా సొరకాయే, పక్కన దాని తొక్క కూడా పడి ఉంది. మీ అన్న నోరు నిండా పెట్టుకుని లేచి నిలబడ్డాడు. అసలే మొక్కు చెడింది, మళ్లీ కాశీకి పోయేదాకా ఇంక చెడేదేముంది అని తినడం మొదలుపెట్టాడట. ఆ రొట్టె లేకుండా ముద్ద దిగడం లేదట. నాతో మాత్రం అలక.

ఆయన సంగతి తర్వాత చూసుకోవచ్చని గిరిజను అడిగాను. ఇంత ఇష్టంగా తింటూ మా ముందు ఎందుకు తినడం లేదు బిడ్డా అని. అది పారిపోలేదు. కంచం కింద పెట్టి నా కొంగు పట్టుకుంది.

"నేను తింటున్నని అమ్మకు రాయకు అత్తమ్మా. తింటలేనంటెనే అమ్మ వస్తది."

వస్తుంది బిడ్డా, ఎందుకు రాదు అన్నాను. అప్పుడు నా ముఖంలోకి చూసి అడిగింది.

"నాలుగు రోజుల్ల వస్తనని బస్సెక్కింది. ఆ నాలుగు రోజులు ఎప్పుడైతయి?"

మీ అన్న రొట్టె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నాగవ్వ పెనం మీది రొట్టె మాడిపోయింది, ఎవరమూ చూసుకోలేదు.

నువ్వు చెడ్డదానివని అనను. బస్సు కదులుతుంటే, కింద బిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లి నోటికైనా అదే మాట వస్తుంది. కానీ నేను సొరకాయకు బీదర్ రొట్టె అని పేరు పెడితే, నువ్వు ఏడాదికి నాలుగు రోజులని పేరు పెట్టావు. నా సొరకాయ దానికి అరిగిపోయింది మరదలా, నీ నాలుగు రోజులు ఇంకా అరగలేదు. నేను దానికి తెలియకుండా కూరగాయలు పెట్టాను, అది మనకు తెలియకుండా తింటోంది. ఈ విద్య అది ఎక్కడ నేర్చుకుందో మనిద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం రా. తీసుకుపోవడానికి కాదు, చెప్పడానికి రా. ఎండాకాలం సెలవుల దాకా ఉండి చదవాలని, మధ్యలో ఎప్పుడెప్పుడు రాగలవో, ఎప్పుడు రాలేవో దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పు. ఏడుస్తుంది, ఏడవనీ. నువ్వు బస్సెక్కినాక దాని పక్కన నేను కూర్చుంటాను. నువ్వు చెప్పమన్నావని సొరకాయ నిజం నేను చెప్పాను. ఈ నిజం మాత్రం నాకు అప్పజెప్పకు, ఇది చెప్పాల్సింది నువ్వే.

నీ కోసం ఎదురుచూసే
వదిన బస్వమ్మ

తా.క.: మొక్కు సంగతి తేల్చమని మీ అన్నను మఠం అయ్యగారు రేవణసిద్ధప్ప దగ్గరికి తీసుకుపోయాను. గిరిజ కూడా వచ్చింది. సొరకాయంటే పడదు కాబట్టే తేలిగ్గా ఉంటుందని కాశీలో అది వదిలానని మీ అన్న తల దించుకుని ఒప్పుకున్నాడు. అయ్యగారు నవ్వి, ఇష్టం లేనిది వదిలితే అది మొక్కే కాదు, కాశీ దాకా పోనక్కర్లేదు, నిజంగా ఇష్టమైనదాన్ని ఇక్కడే వదులు అన్నాడు. మీ అన్న చాలాసేపు ఆలోచించి, కాకరకాయ వదులుతా అన్నాడు. "మామా, కాకరకాయ నీకు ఇష్టమేనా?" అని గిరిజ అడిగింది. నిన్న అడిగింది, మీ అన్న ఇంకా జవాబు చెప్పలేదు.