గేటుకి ఇవతల ఇల్లు

పలాస,
16-11-2006.

బావకి కళ్యాణి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీ క్షేమం కోరుతున్నాను అని రాయడం పద్ధతి కాబట్టి రాశాను. రెండో మాట నిజం. మొదటిది నీకే తెలుసు.

నీ ఉత్తరం అందింది. అమ్మది పండిన వయసు, ఊళ్ళోనే ఉండనీ, పట్నంలో అద్దె ఇళ్ళెందుకు అన్నావు. గుజరాత్‌లో, ఆ వేరావల్ రేవులో బోటు మీద కూర్చుని అలా అనడం తేలికే. వారానికి రెండుసార్లు విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళి రక్తం కడిగించుకోకపోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. మన ఊరి నుంచి ఆటో, బస్సు, ఆపైన రైలు. పోయిన నెల హరిపురం దాటకుండానే వాంతులు. అందుకే స్టేషను దగ్గర ఇల్లు కావాలన్నాను, పట్నం మోజుతో కాదు.

పది రోజులు తిరిగాం. ముందు కాశీబుగ్గ చూశాం. బజారు, మందుల షాపులు, బస్టాండు అన్నీ పక్కనే. కానీ స్టేషనుకి రావాలంటే రైల్వే గేటు దాటాలి. గేటు పడితే ఎండలో నిలబడాల్సిందే. ఒకరోజు మా కళ్ళ ముందే మా రైలు వెళ్ళిపోయింది. పైగా ఆ ఇల్లు మేడ మీద. అత్త ఎక్కి చూసొచ్చి పద్దెనిమిది మెట్లని చెప్పింది. నేను కింద అరుగు మీదే కూర్చుండిపోయాను. మెట్లు లేని ఇల్లు ఇంకొకటి ఉంది, గున్నయ్య అని ఒకాయనది. మన ఊరి పేరు వినగానే, ఉద్దానం పక్కోలా, కిడ్నీ జబ్బోలు ఎవులైనా ఉన్నారేటి అని అడిగాడు. ఇంట్లో మనిషి పోతే ఆర్నెల్లు తాళమెట్టుకోవాల, ఆ తరవాత ఎవులు దిగుతారు అన్నాడు. అతన్ని మాత్రం ఏమనగలం.

టెక్కలి ఇల్లు నాకు బాగా నచ్చింది. ఆఫీసు గుమాస్తా జగన్నాథరావు గారిది. పెరట్లో నుయ్యి, చల్లటి వసారా, చెయ్యెత్తితే ఆగే బస్సులు. కానీ విశాఖ దాకా బస్సులో అన్ని గంటలు కూర్చోవాలంటే సూది గుచ్చిన చెయ్యి కుదుపులకి లాగేస్తుంది. అయినా మనసు చంపుకుని అడిగాం. ఎండుచేపలు వండుతారా అని ఆయన మర్యాదగానే అడిగారు. మానేత్తాం బాబూ, ఇల్లియ్యండి అంది అత్త. ఎండుచేప లేందే ముద్ద దిగని మనిషి అలా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. చెప్పి పంపుతామన్నారు. చెప్పలేదు.

చివరికి పలాసలోనే, స్టేషను వెనక, కామేశ్వరి గారి పెరటి గది దొరికింది. ఆవిడ స్కూలు టీచరు. తెల్లారకుండానే జీడిపప్పు ఫ్యాక్టరీ పొగ గొంతు పట్టేస్తుంది. రైలు వెళ్తే గిన్నెలు కదులుతాయి. కుళాయి వీధి చివరెక్కడో ఉంది. అయితేనేం, గేటుకి ఇవతల. గుమ్మం నుంచి ప్లాట్‌ఫారానికి మూడొందల ఇరవై అడుగులు, నేనే లెక్కపెట్టాను. మధ్యలో ఒక్కసారి ఆగితే చాలు.

అబద్ధం చెప్పి దిగాను బావా. ఇంట్లో జబ్బు మనుషులు లేరు కదా అని ఆవిడ అడిగితే లేరన్నాను. నెలాఖరులోగా మగమనిషి వచ్చి మాట్లాడాలట, లేకపోతే ఖాళీ చెయ్యమంది.

సిగ్గు విడిచి అడుగుతున్నాను, రా. బోటు నడిపే సరంగుతో గొడవైనా సరే, రా. కనబడిన తలుపల్లా తట్టి ఇద్దరం మాటలు పడ్డాం. ఈ గది పోతే ఇంక వెతకడానికి నా దగ్గర ఓపిక లేదు. నాకు చాలా భయంగా ఉంది.

కవరు అన్నం మెతుకులతో అంటించి అత్తకిస్తున్నాను. పైన ఇంగ్లీషు చిరునామా కామేశ్వరి గారు రాసిపెడతారు.

నీ దారి చూస్తూ,
కళ్యాణి

తా.క.

ఒరే వాసూ, నేను, మీ అమ్మని. మాట నాది, రాత కామేశ్వరమ్మది. అన్నది అన్నట్టే రాయమన్నాను. కవరు నేనే ఊడదీసినాను. కళ్యాణి తొంగుంది, దానికి తెల్దు.

జబ్బు నాకు కాదురా, దానికి. నా పేరెట్టి రాయమన్నది నేనే. సముద్రం మీదున్నోడివి, పెళ్ళానికని తెలిత్తే బెంగెట్టుకుంటావని. అమ్మకి జబ్బంటే కంగారు పడకండా వత్తావనుకున్నాను గానీ, పోనీ అంటావనుకోనేదు. నీ ఉత్తరం సదివి అది రెండ్రోజులు అన్నం ముట్టనేదు. నిజం రాసీయవే అంటే, అమ్మకి రానోడు నాకేటొత్తాడు అంటంది.

ఇంకెవుల సేత రాయించను? ఇక్కడ మనోలెవులూ నేరు. జబ్బు మాట సెప్పగానే ఈయమ్మ కలం ఆపీసింది. ఉండమంటాదో పొమ్మంటాదో ఇంకా అన్నేదు. మళ్ళీ రాత్తంది.

ఇల్లున్నా పోయినా దాన్ని రైలుదాకా నేను నడిపిత్తాను. ఎక్కించీసరికి నువ్వుండాల. బేగి రా.