అమ్మతో పాతిపెట్టిన క్యాసెట్లు

వాల్టర్స్, ఓక్లహోమా
1994 మార్చి 9

చెల్లి వెర్లీన్‌కు,

అన్న ఆశీస్సులు. ఇక్కడ మనుషులూ గుర్రాలూ అందరం కులాసాగానే ఉన్నాం. లాస్ ఏంజిలిస్‌లో మీరూ అలాగే ఉన్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇది రోజువారీ లెక్కల పుస్తకంలోంచి చించిన కాగితం, ఏమీ అనుకోకు.

అమ్మ క్యాసెట్లు పంపమన్నావు. పంపలేను. అవి అమ్మ శవపేటికలోనే ఉన్నాయి, మట్టి కింద.

మన ఆచారం ప్రకారం పోయినవాళ్ల వస్తువులు వాళ్లతోనే పోవాలి కదా. అందుకని పెద్దమ్మ శాలువా, దువ్వెనలతో పాటు క్యాసెట్లు కూడా సర్దేసిందట. రెండు చలికాలాలు అమ్మ మన తెగ భాష కమాంచీలో కథలు చెబుతుంటే టేప్ రికార్డరు మీట నొక్కి కూర్చున్నది నేను. మంగళవారం తరగతిలో భాష నేర్పడానికి ఉన్న ఆధారం అవే. అమ్మను సాగనంపి నువ్వు బస్సెక్కాక, క్యాసెట్లుండే అర ఖాళీగా కనిపించి ఒళ్లు మండిపోయింది. నేరుగా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను.

"అవి అమ్మ ఒక్కదానివే కావు పెద్దమ్మా, అందరివీ!"

"దాని గొంతు దానిది కాక నీదా? పోయినదాని గొంతు డబ్బాలోంచి పలుకుతుంటే నేను కూర్చుని వినాలా?"

"భాష పోతోందే! నీ తర్వాత మాట్లాడేదెవరు?"

"నువ్వు మాట్లాడరా! అరవై ఏళ్లొచ్చాయి. ఆ బడివాళ్లు పెట్టిన సబ్బు ఇంకా నములుతూనే ఉన్నావా?"

తలుపు ధడాలున వేసి వచ్చేశాను. దారిలో నా కోపం ఆమెను వదిలి అసలు చోటికి పోయింది. ఆరేళ్లవాణ్ని, దాహమేసి మన మాటలో "పా" అని నీళ్లడిగితే ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదని ఆ తెల్లవాళ్ల బడిలో నోట్లో సబ్బు కుక్కారు. ఇప్పుడు అలాంటివాళ్ల మనవలు వచ్చి, "అయ్యో, ఇంత అందమైన భాష ఎలా పోయింది?" అని నన్నే అడుగుతున్నారు. ఎలా పోయిందట!

నీకు చెప్పనిది ఒకటుంది. మన భాష నాకేమీ గుర్తులేదన్నాను కదా, అబద్ధం. ఒక్క మాటా మరవలేదు. మనుషుల ముందు పలకలేకపోయేవాణ్ని. అందుకే ఇన్నేళ్లూ పొద్దున్నే గుర్రాలతో మాట్లాడుకున్నాను. నా దొడ్లో ఏ గుర్రానికీ ఇంగ్లీషు రాదు.

నిన్న తరగతికి వెళ్లి, అమ్మ చెప్పిన నక్క కథ మొదలుపెట్టాను. సగంలో నాలుకకు సబ్బు రుచి తగిలింది. ఆగిపోయాను. గదంతా నన్నే చూస్తోంది.

"పా," అన్నాను.

ఎప్పుడొచ్చి కూర్చుందో, వెనక వరసలోంచి పెద్దమ్మ లేచి, గ్లాసు నిండా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని
నీ అన్న