రక్తం ఒప్పుకుంది, చర్మం ఒప్పుకోలేదు

గుంటూరు,
ఆదివారం.

సౌభాగ్యవతి చెల్లెలు కామాక్షికి, అక్క మీనాక్షి శివుణ్ణి తలుచుకుని దీవిస్తూ రాస్తున్నది. వేటపాలెంలో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

మీ బావగారి బదిలీతో ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. బ్రాడీపేటలో అద్దె వాటాలో కట్టెల పొయ్యికి చోటు లేక కిరసనాయిలు స్టవ్వు కొన్నాం. కిందటి నెల దాని మంట చీర కుచ్చిళ్ళకు అంటుకుని రెండు కాళ్ళూ తొడల దాకా కాలాయి. ఇన్నాళ్ళూ రాయనందుకు కోప్పడకు. ఆసుపత్రిలోనే ఉన్నాను. చేతులు బాగున్నాయి, అక్షరాలు చూస్తున్నావుగా. ఎండకు తోడు బజారు వైపు నుంచి మిరపకాయల ఘాటు. తుమ్మితే కట్లు లాగుతాయి.

నా వీపు చర్మం తీసి కొంత కప్పారు, చాలలేదు. డాక్టరుగారు "రక్తసంబంధీకులెవరు?" అంటే మీ బావగారు తన తమ్ముణ్ణి పిలిపించారు. పెళ్ళితో నా గోత్రం వాళ్ళదైంది గనుక పుట్టింటివాళ్ళు ఎవరికీ గుర్తురాలేదు. నాకూ రాలేదు, సిగ్గుగా ఉంది. మరిది రక్తం ఎక్కించారు, సరిపోయింది. చర్మం అంటించారు. పది రోజులు నిలిచి, నల్లబడి ఊడిపోయింది.

రక్తం ఒప్పుకున్న ఒళ్ళు చర్మాన్నెందుకు తోసేస్తుంది? కట్లు మార్చే కాంపౌండరు ఏదో చేశాడనుకున్నాను. మరిదిదని చెప్పి ఎవరిదో వేశారనుకున్నాను. తోడికోడలు గుమ్మంలోంచే, "ఏం అక్కయ్యా, మా ఆయన తోలు మీకు నచ్చలేదా? పాతికేళ్ళుగా నేను సర్దుకుపోవడం లేదూ!" అంది. నవ్వలేకపోయాను. దేవుడు క్షమించాలి, ఆమె తెచ్చిన విభూతి కూడా పెట్టుకోకుండా దిండు కింద దాచాను.

చివరికి డాక్టరుగారినే అడిగాను.

"గోత్రం మారుతుంది గానీ ఒళ్ళు మారదమ్మా. రక్తంలో ఎర్రకణాలు చూపించే గుర్తులు కొద్ది, అవి కలిస్తే చాలు. చర్మం చూపించేవి వేరు, చాలా ఉంటాయి. తల్లి నుంచి కొన్ని, తండ్రి నుంచి కొన్ని వస్తాయి. తనవి కానివి కనపడితే ఒళ్ళు ఊరుకోదు. ఇది కొన్నాళ్ళేనని మీవారికి ముందే చెప్పాను."

మీ బావగారు తల వంచుకున్నారు.

"అచ్చం ఒకేలా ఉండే కవలలుంటే తప్ప..." అని డాక్టరుగారు అంటుండగానే, "మా చెల్లెలుందండీ" అన్నాను.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా!" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ముందు నీ తొడ నుంచి గోరంత ముక్క తీసి నాకు అంటించి చూస్తారట. నెల నిలిస్తే మిగతాది. పుండ్లు ఇలాగే ఉంటే కాళ్ళు ముడుచుకుపోయి నడవలేనట. ఆయన మాటా పూర్తిగా నమ్మలేను. ఒకేలా కనపడే కవలలందరూ ఒకటి కారని ఆయనే అన్నారు. చిన్నప్పుడు అమ్మ పెద్దదాని గుర్తుగా నా కాలికి నల్లదారం కట్టేది గదా. ఒకసారి నీళ్ళు పోస్తుంటే అది ఊడిపోయి, ఎవరెవరో తెలియక తోచిన కాలికి కట్టేశానని చెప్పి నవ్వేది. కన్నతల్లే పోల్చుకోలేకపోయింది, అదొక్కటే నా ధైర్యం.

నొప్పి ఉంటుంది, మచ్చ మిగులుతుంది. మీ అత్తగారినీ మీ ఆయననూ అడిగే రా. రాలేకపోతే నిన్ను మాత్రం అనుమానించను, అందరినీ అనుమానించి అలిసిపోయాను. వస్తే కాస్త నిమ్మకాయ ఊరగాయ తీసుకురా.

పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. దారం మారిన నాడు పెద్దరికం నీదేనేమో, అందుకని ఈసారి నీ దీవెనలే కోరుతూ,

నీ అక్కో, చెల్లెలో,
మీనాక్షి.