ఖాళీ సంచి

వదినగారికి,

మొన్న నేను మాట్లాడుతుండగానే ఫోను పెట్టేశారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని పెట్టేసినా మళ్ళీ తీసి చదవక తప్పదు.

కడుపుతో ఉన్న మీ అమ్మాయిని నేను రోజూ కూరలకి తోలుతున్నానని మీ చెవిన వేసింది మా ఎదురింటావిడే. నడవమన్నది డాక్టరమ్మ. ఏడో నెల పిల్ల పనీపాటా లేకుండా వీధిలో తిరుగుతోందంటారేమోనని చేతికో ఖాళీ సంచి ఇచ్చిన తెలివి మాత్రం నాది. పరువు నిలబడుతుందనుకుంటే ఉన్నది కాస్తా పోయింది.

ఈ మాట తెలిశాక మీ అమ్మాయి నామీద విసుక్కోలేదు. మర్నాడు సాయంత్రం చెప్పులేసుకుని, "అత్తయ్యా, సంచి మీరు పట్టుకోండి, నేను పక్కన నడుస్తాను. ఇప్పుడేమంటారో చూద్దాం" అంది.

నా రెండు కాన్పులకీ నన్ను గడప దాటనివ్వలేదు వదినగారూ. వీధంటే నాకు ఇప్పటికీ బెదురేనని తనెలా కనిపెట్టిందో. ఆయాసమొస్తే ఆగుతుంది, ఎదురింటావిడని నవ్వుతూ పలకరిస్తుంది, మళ్ళీ నడుస్తుంది. వెనకబడేది నేనే. పిల్లని భలే పెంచారు.

వచ్చి తీసుకెళ్తానన్నారు. మీ బిడ్డ, కాదనను. మంచానికి మాత్రం అతికించకండి. సాయంత్రం తను లేవగానే మీరూ చెప్పులేసుకోండి. చేతికి సంచి ఇవ్వకండి.

తను వెళ్ళాక ఇక్కడ నేనూ ఉత్త చేతులతోనే నడుస్తాను.

మీ అమ్మాయి అత్తగారు