డబ్బాలు ఖాళీగా పంపగలరు

మల్లాపూర్, సోమవారం

రాములమ్మ గారికి, పనీర్ యూనిట్ మేనేజర్ సత్యనారాయణమూర్తి నమస్కరించి రాయునది.

ఫోన్ చేస్తే "మంచిది సారూ" అని పెట్టేస్తున్నారు. ఆ తర్వాత మీ ఇష్టమే మీది. అందుకని ఈ కాగితం డబ్బా మూతకు కట్టి, ట్రాలీ ఆటో జీవన్ చేత పంపుతున్నాను.

పాలు విరిచి పనీర్ తీశాక మిగిలే నీళ్లు మీ మేకలు తాగుతున్నాయి, సంతోషం. కానీ ఆ నీళ్లు నింపి పంపే మా నాలుగు డబ్బాలూ ఖాళీగా తిరిగి రావాలి. నిన్న నాలుగింటి నిండా బీరకాయలే. అవి దించి, డబ్బాలు కడిగేసరికి ఇక్కడ నీళ్లు పొంగిపోతున్నాయి. మోరీ కంపు కొడుతోందని కాలనీవాళ్లు ఇప్పటికే ఫిర్యాదు పెట్టారు. ఇంకోసారి ఈ నీళ్లు మోరీలో వదిలితే యూనిట్‌కు తాళం వేస్తామని అధికారులు చెప్పి వెళ్లారు. దయచేసి డబ్బాలు ఖాళీగా పంపగలరు.

ఇట్లు,
మూర్తి

తా.క.: బీరకాయల్లో కొన్ని చేదు.

చెంగిచెర్ల, మంగళవారం

మూర్తి సారుకు రాములమ్మ శనార్తులు. నేను చెప్తుంటే నా మనుమరాలు హిమజ రాస్తున్నది.

బీరకాయలు చేదైనయని తెలిసి తలకాయ దించుకున్న. మీ కోపం సమజైంది. మీరు మర్యాదకు ఖాళీగ పంపమన్నరు గని, ఇచ్చిన గిన్నెను వట్టిగ తిప్పి పంపుడు మా ఇంటావంటా లేదు.

చుట్టూత ప్లాట్లు పడ్డంక నా మేకలకు గడ్డిపోచ కరువై గోడల మీది పోస్టర్లు తింటుండె. అమ్ముకుందామనుకున్న. ఇప్పుడు మీ నీళ్లల్ల జర తవుడు కలిపి పోస్తున్న. ఒక్కసారే పోస్తే పొట్ట ఉబ్బుతదని కొంచెం కొంచెం అలవాటు జేసిన. ఇగ మంచినీళ్లు పెడితే మొఖం తిప్పుకుంటున్నయి. అసొంటి మీకు చేదు బీరకాయలా. అందుకే ఈసారి మేకపాలు పంపిన.

మీ
రాములమ్మ

తా.క.: నాలుగో డబ్బాకు పాలు సాలలే, అండ్ల మేకల ఎరువు నింపిన. మీ ఆఫీసు ముంగట మొక్కలు గలీజుగున్నయని జీవన్ చెప్పిండు.

మల్లాపూర్, బుధవారం

రాములమ్మ గారికి నమస్కారం.

పాలే కదా అని మావాళ్లు మీ మేకపాలు కాగులో పోసేశారు. మేక వాసన వేస్తోందని హోటల్‌వాళ్లు పనీరంతా తిప్పి పంపారు. ఎరువు డబ్బా గురించి రాయడానికి కలం సాగడం లేదు. ఇది తిండి తయారుచేసే చోటమ్మా. ఆ డబ్బాను వేడినీళ్లతో కడిగించేలోగా పనీర్ నీళ్లు బకెట్లలో పట్టాం, టబ్బుల్లో పట్టాం, చివరికి నా టిఫిన్ డబ్బాలో పట్టాం.

ఖాళీ అంటే లోపల ఏమీ లేకపోవడం. దయచేసి డబ్బాలో ఏదీ పెట్టకండి.

ఇట్లు,
మూర్తి

తా.క.: అవి ప్లాస్టిక్ మొక్కలు.

చెంగిచెర్ల, గురువారం

మూర్తి సారుకు శనార్తులు.

డబ్బాల ఏదీ పెట్టొద్దన్నరు. పెట్టలే. డబ్బా పిడికి మేకపిల్లను కట్టి పంపిన. మంచి జాతిది. నా మేకల కడుపు నింపుతున్నరు, ఊకనే తీసుకునుడు నాకు శాతగాదు సారూ.

మీ
రాములమ్మ

తా.క.: దానికి కాగితాలు కనవడనియ్యకున్రి. పోస్టర్ల అలవాటు ఇంక పోలే.

మల్లాపూర్, శుక్రవారం

అమ్మా,

మీ తా.క. చదివేలోపే అధికారులు తనిఖీకి వచ్చారు. మీ పిల్ల నా కుర్చీలో ఉంది, నేను నిలబడి ఉన్నాను. వాళ్లిచ్చిన నోటీసు నా చేతికి రాకముందే దాని నోట్లోకి పోయింది. ఏం రాశారో అడిగితే మళ్లీ నోటితో చెప్పారు. రేపు పొద్దున్నే వస్తారట. మోరీలో ఒక్క చుక్క కనిపించినా తాళమేనట.

నాకు విసుగొచ్చేసింది. యూనిట్ మూతపడితే ఈ వయసులో నాకు ఉద్యోగం ఇచ్చేవాడు లేడు, మీ మేకలకు పోస్టర్లే గతి. మీకు దణ్ణం పెడతాను, రేపు డబ్బాలు ఖాళీగా పంపండి. అంతగా మనసొప్పకపోతే, కడగనక్కర్లేనిది, వాసన రానిది, నడవనిది ఏదైనా ఉంటే అది వేయండి.

ఇట్లు,
మూర్తి

తా.క.: పిల్ల క్షేమం. నా గొడుగు కూడా తింది.

చెంగిచెర్ల, శనివారం

మూర్తి సారుకు శనార్తులు.

మీ నౌకరీ సంగతి ముందే చెప్తే అయిపోవు గద సారూ. రాత్రంతా మనసున పట్టలే. ఇల్లంత దేవులాడినం. కడిగే పని లేనిది, వాసన లేనిది, నడవనిది ఒక్కటే దొరికింది. గది ఈ ఉత్తరం. కవర్ల సుట్టి డబ్బాల ఏసిన. డబ్బా వట్టిది కాదు, మీకు కడిగే తిప్పలు లేదు. ఇగ దినాం ఇట్లనే రాస్త. మీరు జవాబు రాయకుంటే మర్యాద గాదు.

మీ
రాములమ్మ

తా.క.: డబ్బాలు నాలుగు గద. తక్కిన మూడింట్ల మూడు ఉత్తరాలున్నయి. వాటికి గూడ జవాబు రాయిన్రి.