డల్సీకి పెట్టిన బొత్తాలు

టూవూంబా, ఆస్ట్రేలియా,
జూలై 14.

ప్రియమైన చెల్లి నోరీన్‌కు,

అక్క ఏవిస్ ఆశీస్సులు. నేను క్షేమమని రాయడం ఆనవాయితీ గనక రాస్తున్నాను. ఒళ్లు క్షేమమే, కడుపు మాత్రం మండిపోతోంది.

ఆ మంట పేరు డల్సీ. ఈ వృద్ధాశ్రమంలో నా పక్క గది దానిదే. మా నర్సు సేరా, ఫిజీ పిల్ల, పొద్దున్నే దాని గదిలోకి దూరిందంటే ఓ పట్టాన బయటికి రాదు. తల దువ్వుతుంది, ఓట్స్ జావ తాగిస్తుంది, స్వెటర్ బొత్తాలు పెడుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఈ జూలై చలికాలంలో, ఈ కీళ్లవాతం వేళ్లతో, నా బొత్తాలు నేనే పెట్టుకోవాలట! నేను కుస్తీ పడుతున్నంతసేపూ వాళ్ల ఊరి కబుర్లు చెబుతుంది.

మొన్నామధ్య టీ దగ్గర డల్సీ అందరి ముందూ, సేరా నాకు కూతురి లెక్క, నీకెవరున్నారే ఏవిస్, అంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

అంతే, మర్నాటి నుంచి నేనూ చేతకానిదాన్నయ్యాను. వేళ్లు వంగడం లేదే తల్లీ అని మూలిగాను. సేరా నమ్మితేగా! చేతకాని డల్సీగారికి చేస్తే సాయమమ్మా, చేతనైన మీకు చేస్తే మీ చేతులు నేను లాగేసుకున్నట్టు, అంది. ఆ నీతులేవో డల్సీకి చెప్పొచ్చుగా? నేను పట్టు వదల్లేదు. పెద్ద నర్సుకు ఫిర్యాదు చేశాను.

ఇప్పుడు నా బొత్తాలూ సేరాయే పెడుతోంది. డల్సీ మొహం చూడాలి, ఆముదం తాగినట్టుంది! కాకపోతే సేరా రెండు నిమిషాల్లో గబగబా పెట్టేసి వెళ్లిపోతోంది. కబుర్లు లేవు. డల్సీ దగ్గర మాత్రం ఇంకా అంతసేపూ ఉంటోంది. నాకు ఒళ్లు మండదూ?

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క
ఏవిస్

తా.క. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. ఇవాళ పొద్దున బొత్తాలు నేనే పెట్టుకుందామని కూర్చున్నాను, సేరా మళ్లీ గుమ్మంలో కాసేపు నిలబడుతుందని ఆశ. ఒక్కటి కూడా పట్టలేదు నోరీన్, వేళ్లు నిజంగానే వంగలేదు. అంతలో సేరా వచ్చి, ఇంకెన్నాళ్లమ్మా ఈ నాటకం, అంది. నాటకమేలే, పెట్టు, అన్నాను.